సిరాజుద్దీన్ పాసైన చివరి పరీక్ష

హవల్దార్ సిరాజుద్దీన్ ఇరవై నాలుగేళ్ల నౌకరీలో ఒక్క మెడికల్ పరీక్ష కూడా తప్పలేదు. ఈ మాట ఆయన నోట వినని మనిషి వాళ్ల పేట ఖానాపురం హవేలిలో లేడు. పాలాయనకు చెప్పాడు, షేర్ ఆటోలో పక్కన కూర్చున్నవాళ్లకు చెప్పాడు, ఇంటికి రంగులేయడానికి వచ్చినవాళ్లకు నిచ్చెన కింద నిలబడి మరీ చెప్పాడు. ఆ గొప్పే ఆయన కొంప ముంచింది. అదెలాగో వినాలంటే కాస్త ఓపిక కావాలి. ఇందులో ఫిరంగులున్నాయి, సర్కారు శాతాలున్నాయి, ఆ రెండూ తొందరపడే మనిషికి అర్థమయ్యేవి కావు.

వాళ్లది ఖమ్మం మార్కెట్ యార్డు పక్కన గోనె సంచుల వ్యాపారం. తాత సంచులు కుట్టాడు, తండ్రి అమ్మాడు, ఇప్పుడు తమ్ముడు ఆసిమ్ మిర్చి సీజన్లో అన్నం తినే తీరిక లేకుండా దుకాణం నడుపుతున్నాడు. సిరాజ్‌కు చిన్నప్పటి నుంచీ ఆ గోనె దుమ్ము పడేది కాదు. పంతొమ్మిదో ఏట, ఎవరికీ చెప్పకుండా పటాలంలో భర్తీకి పరుగెత్తి, ఫిరంగుల దళంలో పడ్డాడు. ఇంట్లో వారం రోజులు ఏడ్చారు. ఆ తర్వాత మొదటి జీతం వచ్చింది, ఏడుపు ఆగింది.

ఫిరంగి పక్కన నిలబడేవాడి చెవుల సంగతి వేరే చెప్పాలా? చెవుల్లో పెట్టుకోవడానికి బిరడాలు ఇస్తారు. రెండూ పెట్టుకుంటే వెనక నుంచి వచ్చే ఆర్డరు వినపడదు. ఆర్డరు వినపడకపోతే తిట్లు తప్పవు. అందుకని సిరాజ్ వాళ్ల దళంలో అందరూ ఒకటే పద్ధతి పాటించేవాళ్లు. ఫిరంగి వైపున్న చెవికి బిరడా, రెండో చెవి ఆర్డర్ల కోసం ఖాళీ. పదేళ్లు అలా గడిచాయి. మొదట సాయంత్రాలు చెవిలో ఈల మోగేది, పొద్దుటికి తగ్గేది. తర్వాత పొద్దుటికి కూడా తగ్గడం మానేసింది. చివరికి ఆ ఈల ఒక్కటే మిగిలింది.

చెప్పుకుంటే మెడికల్ కేటగిరీ పడిపోతుంది. కేటగిరీ పడితే ప్రమోషన్ పోతుంది, కొండల్లో డ్యూటీకి పంపరు, స్టోర్లో కూర్చోబెట్టి దుప్పట్లు లెక్కబెట్టిస్తారు. కాబట్టి ఎవరూ చెప్పుకోరు. పైగా పరీక్ష గట్టెక్కే ఉపాయం పాత హవల్దార్లు కొత్తవాళ్లకు నేర్పేవాళ్లు. చెవుల పరీక్ష అద్దాల గదిలో జరుగుతుంది. హెడ్‌ఫోన్లు తగిలించి, సన్నని శబ్దం వినపడినప్పుడల్లా చేతిలో బటన్ నొక్కమంటారు. శబ్దం పంపే టెక్నీషియన్ అద్దానికి అవతల కూర్చుంటాడు. అతని వేళ్లు కనపడవు కానీ మోచెయ్యి కనపడుతుంది. అతను మీట నొక్కినప్పుడల్లా మోచెయ్యి ఇంత కదులుతుంది. అది చూసి బటన్ నొక్కాలి. అంతే. వినడానికీ ఆ పరీక్షకూ సంబంధమే లేదు. ప్రతిసారీ సిరాజ్ మోచెయ్యి చూశాడు, ప్రతిసారీ పాసయ్యాడు, బయటికొచ్చి మీసం దువ్వుకున్నాడు.

ఇంటికి సెలవు మీద వచ్చినప్పుడు మాత్రం మోచేతులు పనిచేసేవి కావు. భార్య తాహెరా వంటింట్లోంచి ఏదో చెప్పేది. ఆయన "అచ్ఛా" అని తలూపేవాడు. బజారుకెళ్లి ఖాళీ చేతులతో వచ్చేవాడు. ఆమె మళ్లీ చెప్పేది, ఆయన మళ్లీ "అచ్ఛా" అనేవాడు. ఏం చెప్పావని ఒక్కసారి కూడా అడగలేదు. కూతురు మెహ్రీన్ స్కూల్లో మొదటి ర్యాంకు వచ్చిందని గంతులేస్తూ చెప్పినా అదే "అచ్ఛా", ఇంటి వెనక గోడ కూలిందని చెప్పినా అదే "అచ్ఛా". అత్తగారింట్లో అల్లుడికి పరధ్యానం అని పేరు పడిపోయింది. తాహెరా ఆ పేరు కూడా పెట్టలేదు. ఆమె అనుకున్నది వేరే, అది తర్వాత బయటపడింది.

రెండు వేల ఇరవై మూడు జనవరిలో నౌకరీ ముగిసింది. ఇంటికి పంపే ముందు ఆఖరి మెడికల్ బోర్డు ఉంటుంది. అందులో ఒక కుర్ర డాక్టరు సిరాజ్‌ను గోడవైపు తిప్పి నిలబెట్టి, ఇరవై అడుగుల దూరం నుంచి గుసగుసగా అంకెలు చెప్పాడు. గోడకు మోచెయ్యి ఉండదు కదా. సిరాజ్ తోచిన అంకెలు చెప్పాడు, అన్నీ తప్పు. డాక్టరు అద్దాల గదికి పంపాడు. అక్కడ మన హవల్దారు మళ్లీ తన విద్యంతా చూపించాడు. ఈసారి టెక్నీషియన్ కాస్త నెమ్మదైన మనిషి, మోచెయ్యి అంతగా కదల్లేదు, అందుకని కొన్ని తప్పాయి.

"రోజూ పనుల్లో ఏమైనా ఇబ్బంది ఉందా?" అని డాక్టరు హిందీలో అడిగాడు.

"ఏం తక్లీఫ్ లేదు సాబ్," అన్నాడు సిరాజ్, ఛాతీ ముందుకు పెట్టి.

కాగితం మీద పదిహేను శాతం అని రాశారు. మార్చిలో రికార్డు ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. చెవి దెబ్బ నౌకరీ వల్ల వచ్చిందే, ఒప్పుకున్నాం. అయితే ఇరవై శాతం కన్నా తక్కువ కాబట్టి వైకల్య పెన్షన్ ఇవ్వడానికి లేదు. అభ్యంతరం ఉంటే ఆరు నెలల్లో అప్పీలు చేసుకోవచ్చు. ఇంగ్లీషులో ఉన్న ఆ ఉత్తరాన్ని సిరాజ్ ఆసిమ్ ముందు గర్వంగా మడతపెట్టాడు.

"పదిహేనే పోయింది తమ్మీ. ఎనభై ఐదు ఇంకా పక్కా ఉన్నట్టే గదా."

ఆ ఉత్తరం నల్ల ట్రంకు పెట్టె అడుగుకు చేరింది. ఏం మనిషి! చేతికొచ్చిన హక్కును మెడల్‌లా దాచిపెట్టి తాళం వేశాడు.

మామూలు పెన్షన్ వస్తోంది, నిజమే. కానీ ఇంటి వాయిదాలూ మెహ్రీన్ ఇంజనీరింగ్ కాలేజీ ఫీజూ కలిసొస్తే నెల చివర అది చాలదు. అందుకని సిరాజ్ పాల్వంచ దాటాక, భద్రాచలం రోడ్డులో అడవి దారికి ఆనుకునే చోట, ఒక జామాయిల్ కర్ర డిపోలో గేటు కాపలాకు చేరాడు. వారానికి ఆరు రోజులు అక్కడే రేకుల గదిలో పడక, ఆదివారం బస్సెక్కి ఇంటికి. లోపలికొచ్చే లారీ నంబరు రాయడం, బయటికెళ్లే లారీ బరువు రాయడం. కళ్లతో అయ్యే పని కాబట్టి నెట్టుకొచ్చాడు.

జులై వానల్లో ఒక మధ్యాహ్నం, గేటు పక్కన నిలబడి రిజిస్టరు తడవకుండా గొడుగు కింద పెట్టుకుని నంబర్లు రాస్తున్నాడు. వెనక నుంచి రూప్లా లారీ రివర్సులో వస్తోంది. రూప్లా కారేపల్లి దగ్గరి తండా మనిషి, ఇరవై ఏళ్లుగా స్టీరింగ్ పట్టినవాడు. హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. కిటికీలోంచి తలబెట్టి గొంతు చించుకున్నాడు. గొడుగు కదల్లేదు. అద్దంలో గొడుగు కూడా కనపడకుండా పోయేసరికి బ్రేకు తొక్కాడు. లారీ ఆగింది. వెనక పొడుచుకొచ్చిన జామాయిల్ మొద్దు ఒకటి గొడుగు బట్టను చింపి, సిరాజ్ భుజానికి ఆనుకుని ఆగింది.

రూప్లా దిగి వచ్చి చొక్కా పట్టుకుని అరిచాడు. చాలాసేపు అరిచాడు. సిరాజ్ ముఖంలో నవ్వు చెరగలేదు, తలూపాడు, అంతా అయ్యాక అడిగాడు:

"ఎన్ని టన్నులు?"

రూప్లా చొక్కా వదిలేశాడు. ఆయన వీపు వెనక్కి వెళ్లి, నాలుగడుగుల దూరంలో నిలబడి, రెండు చేతులూ గట్టిగా చరిచాడు. సిరాజ్ తిరగలేదు.

ఆ ఆదివారం సిరాజ్‌ను బస్సెక్కనివ్వకుండా తన లారీలోనే ఖమ్మం తెచ్చి, చాయ్ తాగిపోతానని వంక పెట్టి ఇంట్లోకి వచ్చాడు. సిరాజ్ స్నానానికి వెళ్లేదాకా ఆగి తాహెరాకు చెప్పాడు.

"అక్కా, నేను బ్రేకు మీద కాలు పెట్టకుంటే ఇయ్యాల వేరే మాట చెప్పాల్సొచ్చేది. అన్నకు చెవులు అస్సలు పని చేస్తలేవు. నీకు తెల్వదా?"

తాహెరా చేతిలో చాయ్ గిన్నె అలాగే ఉండిపోయింది. ఇరవై ఏళ్ల కాపురం ఆమె కళ్ల ముందు ఇంకో రకంగా తిరిగింది. రూప్లా వెళ్లాక, సిరాజ్ తల తుడుచుకుంటూ వచ్చి కూర్చున్నాక, ఆయన ఎదురుగా కూర్చుని మెల్లగా, పెదాలు కదిలేలా మాట్లాడింది.

"మెహ్రీన్ అబ్బా, నా మాటంటే నీకు లెక్క లేదనుకున్న. గిన్నేండ్లు గట్లనే అనుకున్న. నువ్వు ఏం మనిషివి? ఒక్క మాట చెప్పొద్దా?"

సిరాజ్‌కు ఆ మాట పూర్తిగా అర్థమైంది. ఈసారి "అచ్ఛా" అనలేక తల దించుకున్నాడు.

ఆ రాత్రే ట్రంకు పెట్టె తెరిచారు. మెహ్రీన్ ఉత్తరం చదివి తేదీ చూసింది. ఆరు నెలల్లో ఇంకా ఐదు వారాలు మిగిలి ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే భార్యాభర్తలిద్దరూ కారేపల్లి బస్సెక్కారు. అక్కడ సుబేదార్ వెంకటప్పయ్య ఉంటాడు. పటాలం నుంచి వచ్చి పదిహేనేళ్లయింది, నాలుగెకరాల్లో మిర్చి వేస్తాడు, చుట్టుపక్కల మాజీ సైనికుల కాగితాలన్నీ ఆయనే రాసిపెడతాడు. వాళ్ల తాతలు కృష్ణా అవతల నుంచి వచ్చినవాళ్లు, మాట ఇంకా అటువైపే ఉంటుంది. నారుమడి గట్టు మీద కూర్చుని ఉత్తరం రెండుసార్లు చదివాడు.

"పదిహేనా? నీ ముందు ఇంత గట్టిగా మాట్లాడుతుంటే నా గొంతు పోతోంది, నీకు పదిహేనేంటయ్యా?"

"నా మెడికల్ ఎప్పుడూ..." అని సిరాజ్ మొదలెట్టబోయాడు.

"ఆగు. ముందు లెక్క విను. అమ్మా, నువ్వు కూడా విను, ఈయన మర్చిపోతాడు." వెంకటప్పయ్య పుల్లతో మట్టి మీద నాలుగు గీతలు గీశాడు. "ఇదిగో, ఇది ఇరవై. నౌకరీ పూర్తి చేసుకుని ఇంటికొచ్చినవాడికి ఇరవై లోపు ఎంత రాసినా సున్నా కింద లెక్క. ఐదైనా సున్నాయే, పంతొమ్మిదైనా సున్నాయే. ఇరవై దాటిందనుకో, అప్పుడు యాభై దాకా ఎంతున్నా యాభై కింద కట్టి ఇస్తారు. నా మోకాలికి ముప్ఫై రాశారు, యాభై లెక్కన వస్తోంది. యాభై నుంచి డెబ్బై ఐదు దాకా అయితే డెబ్బై ఐదు లెక్క, ఆపైన నూరు. నువ్వు దిగిపోయిన నాటి నిబంధన ఇదీ. నువ్వు ఈ మొదటి గీత దగ్గరే ఆగిపోయావు."

తాహెరా గీతలు చూస్తూ అడిగింది. "అంటే గా ఇరవై దాటితే, ఆయన గేటు కాడికి పోకున్నా నడుస్తదా?"

"నడుస్తుందమ్మా. బతికున్నంత కాలం వస్తుంది."

సిరాజ్ లేచి నిలబడ్డాడు. "సుబేదార్ సాబ్, పైసల కోసం చెవిటోని లెక్క నటించుడు నాతోని కాదు. అబద్ధం చెప్పి నేను తీసుకోను."

"నటించడమా?" వెంకటప్పయ్య పుల్ల పారేశాడు. "పదిహేనేళ్లుగా బాగా వినపడే మనిషిలా నటించింది ఎవరు? అబద్ధం చెప్పడం అయిపోయిందయ్యా సిరాజ్. ఇప్పుడు మానేయమంటున్నాను, అంతే."

ఆ మాటకు సిరాజ్ మళ్లీ కూర్చున్నాడు. కాసేపటికి మోచెయ్యి సంగతి బయటపెట్టాడు. వెంకటప్పయ్య కడుపు పట్టుకుని నవ్వాడు. వాళ్ల పటాలంలో కళ్ల పరీక్షకు ముందు అక్షరాల పట్టిక బట్టీ పట్టేవాళ్లట. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, "మన బతుకులింతే. రోగం ఉందని చెప్పడం మనకెవరూ నేర్పలేదు," అన్నాడు.

అప్పీలు రాశాడు. వెళ్లింది. జవాబు రావడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా సిరాజ్ గేటు దగ్గరే ఉన్నాడు, ఉండక తప్పలేదు. రూప్లా మాత్రం డిపోకొచ్చే డ్రైవర్లందరికీ ఒక మాట చెప్పిపెట్టాడు. గేటు దగ్గర ఎవరూ రివర్సు తీయొద్దు, సిరాజన్న ముఖం చూసి చెయ్యి ఊపేదాకా ఇంజన్ ఆపి కూర్చోవాలి. కొందరు గొణిగారు, కొత్తగా వచ్చినవాళ్లు మర్చిపోయారు. తాహెరా ఆరు రోజులూ ఫోను చేతిలో పెట్టుకుని తిరిగేది. ఆయనకు ఫోను వినపడదని తెలిసీ సాయంత్రం చేసేది, ఆయన వీడియోలో ముఖం చూపించి చెయ్యి ఊపి పెట్టేసేవాడు. ఆమెకు అదే చాలు.

సికింద్రాబాద్ మిలిటరీ దవాఖానాకు రమ్మని మరుసటేడు ఆగస్టులో పిలుపొచ్చింది. తాహెరా కూడా వెళ్లింది. రైల్లో ఆయన చొక్కా గుండీ సరిచేస్తూ ఒకటే మాట అంది.

"పాస్ గావాలని చూడకు."

అద్దాల గది అలాగే ఉంది. అద్దానికి అవతల ఒక కుర్ర టెక్నీషియన్ కూర్చున్నాడు. సిరాజ్ హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు, బటన్ చేతిలోకి తీసుకున్నాడు. టెక్నీషియన్ మోచెయ్యి కదిలింది. సిరాజ్ వేలు తనంతట తాను బటన్ నొక్కింది. మళ్లీ మోచెయ్యి, మళ్లీ వేలు. మూడోసారి కూడా నొక్కాక ఆయనకు చెమట పట్టింది. వద్దనుకుంటూనే నొక్కుతున్నాడు. ఇంకో నాలుగు నొక్కితే మళ్లీ పదిహేనే, మళ్లీ ఆ గేటే, మళ్లీ వెనక లారీ. హెడ్‌ఫోన్లు తీసి చెయ్యెత్తాడు.

టెక్నీషియన్ తలుపు తీశాడు. ఏమైందన్నట్టు చూశాడు.

"సాబ్," అన్నాడు సిరాజ్, "కుర్చీ గోడ దిక్కు తిప్పుకుంట. మొదట్నుంచి మళ్లా పెట్టుండ్రి. నేను మీ చెయ్యి చూసి నొక్కుతున్న."

ఆ కుర్రవాడు తెలుగువాడే. తనే కుర్చీ తిప్పి పెట్టాడు.

ఇప్పుడు ఎదురుగా తెల్లగోడ తప్ప ఇంకేం లేదు. సిరాజ్ బటన్ మీద వేలు పెట్టి కూర్చున్నాడు. చెవుల్లో పాత ఈల ఒక్కటే ఉంది. కాసేపటికి లోతుగా ఒక మోత వచ్చింది, నొక్కాడు. ఇంకోటి వచ్చింది, నొక్కాడు. తర్వాత ఏం లేదు. టెక్నీషియన్ ఏదో సర్దుకుంటున్నాడేమో అనుకున్నాడు. గోడ మీద ఒక చీమ పైకి పాకుతుంటే దాన్ని చూస్తూ కూర్చున్నాడు. చీమ కప్పు దాకా పోయింది. ఇంత ఆలస్యమేంటని విసుగొచ్చింది కూడా. అప్పుడు భుజం మీద చెయ్యి పడింది.

"మొదలువెట్టరా సాబ్?" అన్నాడు సిరాజ్.

టెక్నీషియన్ ఆయన ముందుకొచ్చి, ముఖంలో ముఖం పెట్టి, నిదానంగా చెప్పాడు. "అయిపోయింది సార్. రెండు చెవులకూ అయిపోయింది."

సిరాజ్ ఆ కుర్చీలోనే కూర్చుండిపోయాడు. తన చుట్టూ ఇంతసేపు అన్ని శబ్దాలు వచ్చి పోయాయి, తనకు ఒక్కటీ తెలియలేదు. ఇంట్లోనూ ఇంతేనా? మెహ్రీన్ చిన్నప్పటి మాటలన్నీ ఇట్లాగే పోయాయా? నలభై అయిదేళ్ల మనిషి, ఫిరంగుల పక్కన కనురెప్ప వేయకుండా నిలబడినవాడు, రెండు చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. ఆ కుర్రవాడు తలుపు దగ్గరగా వేసి బయట నిలబడ్డాడు.

తర్వాత తల మీద తీగలు అంటించి ఇంకో పరీక్ష కూడా చేశారు. అందులో మనిషి బటన్ నొక్కే పని లేదు, దాచిపెట్టే వీలూ లేదు. అది కూడా అదే చెప్పింది. బయట బెంచీ మీద తాహెరా కూర్చుని ఉంది. ఎర్రబడిన కళ్లతో ఎదురుగా వచ్చి నిలబడిన భర్తను చూసి లేచింది.

"ఫెయిలయిన," అన్నాడు ఆయన.

ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది.

ఉత్తరం డిసెంబరులో వచ్చింది. నలభై శాతం, నౌకరీ వల్ల వచ్చింది, జీవితాంతం, యాభై కింద లెక్కగట్టి దిగిపోయిన నాటి నుంచి చెల్లిస్తారు. మెహ్రీన్ అది చదివి, కాగితం మీద పెద్ద అక్షరాల్లో తెలుగులో రాసి నాన్న చేతిలో పెట్టింది. సిరాజ్ ఆ రోజే డిపోకు పోయి విజిలూ రిజిస్టరూ అప్పజెప్పాడు. రూప్లా కాంటా మీద లారీ ఆపుకుని ఉన్నాడు. హారన్ కొట్టలేదు. దిగి, ఎదురుగా నడిచివచ్చి, రెండు చేతులతో చెయ్యి కలిపాడు.

చీకటి పడేసరికి సిరాజ్ ఇల్లు చేరాడు. చెప్పులు విడిచి, నీళ్లు తాగడానికి వంటింటి గడప దగ్గరికి వచ్చాడు. తాహెరా పొయ్యి వైపు తిరిగి ఉంది. అడుగుల చప్పుడు విని ఏదో చెప్పింది. ఆమె మెడ కదలడం ఆయనకు కనపడింది, మాట వినపడలేదు. "అచ్ఛా" అనే మాట అలవాటుగా నాలుక చివరికి వచ్చింది. దాన్ని మింగేశాడు.

"వినపడలే తాహెరా," అన్నాడు. "ఇటు తిరిగి మళ్లొక్కసారి చెప్పు."

ఆమె గరిటె పక్కన పెట్టి తిరిగింది. కళ్లనిండా నీళ్లున్నాయి, అయినా ఆయనకు అర్థమయ్యేలా నిదానంగా చెప్పింది.

"ఉప్పు అయిపోయింది. కొట్టు మూసేలోపు తెమ్మంటున్న."

సిరాజ్ మళ్లీ చెప్పులు తొడుక్కున్నాడు. ఈసారి ఉప్పు ప్యాకెట్‌తో తిరిగొచ్చాడు.